భిన్నాల కనిష్ఠ రూపం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఆరు నుంచి పదో తరగతి వరకు లెక్కల ట్యూషన్ చెబుతాను. సాయంత్రం పోటీ పరీక్షలకు చదువుకునేవారు కూడా వస్తారు. తరగతులు వేరైనా భిన్నాల దగ్గర అందరి సందేహాలూ దాదాపు ఒకటే. ఏటా అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి జవాబులను ఒకచోట రాసిపెట్టాను. వరుసగా చదవనక్కర్లేదు. తొందరలో ఉన్నవారు మాత్రం ‘ఎక్కాలకు అందని సంఖ్యలు’ గురించిన ప్రశ్నను వదిలిపెట్టకండి.

కనిష్ఠ రూపం అంటే ఏమిటి?

భిన్నంలో పైసంఖ్య లవం, కిందిసంఖ్య హారం. ఈ రెండింటినీ నిశ్శేషంగా భాగించే సంఖ్య 1 తప్ప మరొకటి లేకపోతే ఆ భిన్నం కనిష్ఠ రూపంలో ఉన్నట్టు. 60 కిలోల వేరుశనగ కాయలు ఒలిస్తే 42 కిలోల గింజలు వచ్చాయనుకుందాం. గింజల వాటా 42/60. రెండూ 6తో భాగింపబడతాయి కాబట్టి ఇది కనిష్ఠ రూపం కాదు. భాగిస్తే 7/10 వస్తుంది. 7నూ 10నీ రెండింటినీ భాగించే సంఖ్య 1 ఒక్కటే, కాబట్టి అక్కడితో పని అయిపోయింది. కొన్ని పుస్తకాల్లో దీన్నే సూక్ష్మ రూపం అంటారు.

సంఖ్యలు చిన్నవైతే విలువ కూడా తగ్గుతుంది కదా?

తగ్గదు. ఎకరానికి 100 సెంట్లు. 75 సెంట్ల పొలాన్ని 75/100 ఎకరం అన్నా, 15/20 అన్నా, 3/4 అన్నా గట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. 75/100 అంటే ఎకరాన్ని వంద ముక్కలు చేసి 75 తీసుకోవడం. 3/4 అంటే నాలుగు పెద్ద ముక్కలు చేసి మూడు తీసుకోవడం. ముక్క పెద్దదైంది, లెక్క తగ్గింది, భూమి అంతే ఉంది.

రెండింటినీ ఒకే సంఖ్యతో భాగించవచ్చు సరే, రెండింటి నుంచి ఒకే సంఖ్య తీసేయవచ్చా?

కూడదు. 6/8లో పైనా కిందా 2 తీసేస్తే 4/6 అవుతుంది. 6/8 విలువ 0.75, 4/6 విలువ 0.67కు దగ్గర. ఒకే సంఖ్యతో గుణించినా భాగించినా విలువ నిలుస్తుంది. కూడినా తీసినా మారిపోతుంది. గుణించే, భాగించే సంఖ్య సున్నా కాకూడదని వేరే చెప్పాలా?

గ.సా.భా. కనుక్కునే భాగించాలా, కొంచెం కొంచెంగా భాగించుకుంటూ పోవచ్చా?

రెండూ సరైనవే. గరిష్ఠ సామాన్య భాజకం తెలిస్తే ఒక్క అడుగులో చేరతారు. తెలియకపోతే కనిపించిన ఉమ్మడి భాజకంతో మొదలుపెట్టండి. 84/126 తీసుకుందాం. రెండూ సరిసంఖ్యలు కాబట్టి 2తో భాగిస్తే 42/63. అంకెల మొత్తాలు 6, 9. రెండూ 3తో పోతాయి కాబట్టి 14/21. చివరగా 7తో భాగిస్తే 2/3. భాగించిన సంఖ్యలను గుణిస్తే 2 × 3 × 7 = 42. గ.సా.భా. అదే, మీకు తెలియకుండానే కనుక్కున్నారు.

ఆరో తరగతి పిల్లలకు నేను దశలవారీ పద్ధతే చెబుతాను. గ.సా.భా. పద్ధతి చూడటానికి పెద్దమనిషి తరహాలో ఉంటుంది కానీ, అది కనుక్కోవడంలోనే పొరపాటు చేసి తప్పు సంఖ్యతో ధైర్యంగా భాగించేవారు ఎక్కువ. దశలవారీగా వెళ్లేవారు చేయగల తప్పు ఒకటే: తొందరగా ఆపేయడం.

ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?

ఉమ్మడి భాజకం మిగలనప్పుడు ఆపాలి. ఇక్కడ రెండు అపోహలు బలంగా ఉన్నాయి.

రెండూ ప్రధాన సంఖ్యలైతేనే ఆగాలనుకోవడం మొదటిది. 8/9 చూడండి. 8 ప్రధాన సంఖ్య కాదు, 9 కూడా కాదు. అయినా ఇది కనిష్ఠ రూపమే. 25/36 కూడా అంతే. విడివిడిగా ఎన్ని కారణాంకాలున్నా ఇబ్బంది లేదు, ఉమ్మడిగా ఉండకూడదు.

పైన ప్రధాన సంఖ్య ఉంటే ఇక తగ్గదనుకోవడం రెండోది. 13/39లో లవం ప్రధాన సంఖ్యే. కానీ 39 అంటే 13 మూళ్లు, కాబట్టి జవాబు 1/3. లవం ప్రధాన సంఖ్య అయినప్పుడు చూడవలసింది ఒక్కటే: హారం దాని గుణిజమా, కాదా.

2, 3, 5లతో పోతుందో లేదో తెలుస్తుంది. 57/76, 91/117 లాంటివి ఎదురైతే ఎక్కాలకు అందడం లేదు. ఏం చేయాలి?

తేడా చూడండి. ఈ జవాబుల్లో ఏదో ఒక్కటే గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

ఒక సంఖ్య లవాన్నీ హారాన్నీ రెండింటినీ భాగిస్తే, వాటి తేడాను కూడా భాగించి తీరాలి. రెండు సంఖ్యలూ 19 గుణిజాలైతే పెద్ద దానిలోంచి చిన్నది తీసినా మిగిలేది 19 గుణిజమే. కాబట్టి ఉమ్మడి భాజకాన్ని ప్రపంచమంతా వెతకనక్కర్లేదు, తేడాలో వెతికితే చాలు.

57/76లో తేడా 19. అది ప్రధాన సంఖ్య. అంటే 19తో పోవాలి, లేదా అసలు తగ్గకూడదు. 57 అంటే 19 మూళ్లు, 76 అంటే 19 నాలుగులు. జవాబు 3/4.

91/117లో తేడా 26, అంటే 2 × 13. లవం బేసి సంఖ్య కాబట్టి 2 పనికిరాదు. మిగిలింది 13. 91 అంటే 13 ఏడులు, 117 అంటే 13 తొమ్మిదులు. జవాబు 7/9. 119/153లో తేడా 34, 2ను పక్కనపెడితే 17. మళ్లీ 7/9. 87/116లో తేడా 29, జవాబు 3/4.

51, 57, 87, 91, 119, 133, 143 లాంటి సంఖ్యలు చూడగానే ప్రధాన సంఖ్యల్లా కనిపిస్తాయి, కానీ కావు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి ఇవంటే మహా ఇష్టం. తేడా పద్ధతి తెలిసినవారిని ఇవి ఏమీ చేయలేవు.

ఇందులోంచే ఇంకో రెండు లాభాలు వస్తాయి. తేడా 1 అయితే ఆ భిన్నం ముందే కనిష్ఠ రూపంలో ఉన్నట్టు: 34/35, 99/100. రెండూ బేసి సంఖ్యలై తేడా 2 అయితే కూడా అంతే: 63/65. ఒక్క భాగహారం కూడా చేయకుండా జవాబు చెప్పేయవచ్చు.

తేడా కూడా పెద్దదిగా వస్తే?

తేడాకూ చిన్న సంఖ్యకూ మళ్లీ తేడా చూడండి. 35/133లో తేడా 98. ఇప్పుడు 35, 98ల తేడా 63. 35, 63ల తేడా 28. 35, 28ల తేడా 7. ఏడుతో రెండూ పోతాయి, జవాబు 5/19.

పదేపదే తీసివేసే బదులు భాగించి శేషం చూస్తే పని తొందరగా అవుతుంది. 391/493 చేద్దాం.

493ను 391తో భాగిస్తే శేషం 102.
391ను 102తో భాగిస్తే శేషం 85.
102ను 85తో భాగిస్తే శేషం 17.
85ను 17తో భాగిస్తే శేషం 0.

సున్నాకు ముందు వచ్చిన శేషం 17. అదే గ.సా.భా. 391 ÷ 17 = 23, 493 ÷ 17 = 29. జవాబు 23/29. నమ్మకం కుదరకపోతే అడ్డంగా గుణించి చూడండి: 391 × 29, 493 × 23 రెండూ 11,339.

ఈ పద్ధతిని క్రీ.పూ. 300 ప్రాంతంలో గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ గ్రంథస్థం చేశాడు, అందుకే అతని పేరుతో చలామణి అవుతోంది. మన దేశంలో ఆర్యభటుడు 499లో చెప్పిన కుట్టకం కూడా ఇలా వరుసగా భాగించి శేషాలు పట్టుకునే పద్ధతే. కాకపోతే ఆయన దాన్ని వాడింది వేరే రకం సమీకరణాలకు.

ఆ భాగహారాలు ఎంతకీ తెమలకపోతే?

తెములుతాయి. చిన్న సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో దానికి ఐదు రెట్లకు మించి భాగహారాలు పట్టవని 1844లో ఫ్రెంచి గణితజ్ఞుడు గాబ్రియల్ లామే నిరూపించాడు. రెండంకెల సంఖ్యకు పది దాటవన్నమాట. ఓపికను పరీక్షించే భిన్నం కావాలంటే 55/89 చేసి చూడండి. తొమ్మిది భాగహారాలు చేయించి, చివరికి ‘ముందే కనిష్ఠ రూపంలో ఉంది’ అని చెబుతుంది.

16/64లో పైనా కిందా 6 కొట్టేస్తే 1/4 వచ్చింది. జవాబు సరైనదే కదా, తప్పని ఎందుకు అంటారు?

జవాబు ఒప్పు, దారి తప్పు. 16లోని 6 కారణాంకం కాదు, ఒకట్ల స్థానంలోని అంకె. అంకెలను గీత గీసి కొట్టేయడానికి ఏ సూత్రమూ లేదు. అదే పనిని 13/34లో చేయండి. 3 కొట్టేస్తే 1/4 వస్తుంది. నిజానికి 13/34 ఇక తగ్గదు.

చివర సున్నాలున్న 20/50 లాంటివి వదిలేస్తే, లవం హారం కంటే చిన్నదైన రెండంకెల భిన్నాల్లో ఇలా కాకతాళీయంగా కుదిరేవి నాలుగే: 16/64, 19/95, 26/65, 49/98. చివరిదానిలో 9 కొట్టేస్తే 4/8 వస్తుంది, దాన్ని మళ్లీ 1/2 చేయాలి. నాలుగింటినీ సరదాకు గుర్తుంచుకోండి. సున్నాలు కొట్టేయడం మాత్రం సక్రమమే, ఎందుకంటే అక్కడ మీరు నిజంగా 10తో భాగిస్తున్నారు.

కూడిక గుర్తు ఉన్నచోట కొట్టేయవచ్చా?

కూడదు. తొమ్మిది, పది తరగతుల్లో పోయే మార్కుల్లో దీని వాటా తక్కువేమీ కాదు. (5 + 3)/(5 + 7)లో 5లు కొట్టేస్తే 3/7 వస్తుంది. అసలు విలువ 8/12, అంటే 2/3. అక్షరాలు వచ్చినా నియమం ఇదే. (ఎక్స్ + 3)/(వై + 3)లో 3ను ముట్టుకోకండి. లవం మొత్తానికీ హారం మొత్తానికీ కారణాంకంగా ఉన్నదే పోతుంది. అందుకే ముందు కారణాంకాలుగా విడదీయమంటారు. ఎక్స్ వర్గం నుంచి 9 తీసేసి ఎక్స్ + 3తో భాగించమంటే, లవాన్ని (ఎక్స్ + 3)(ఎక్స్ − 3)గా రాయండి. అప్పుడు ఎక్స్ + 3 పోయి ఎక్స్ − 3 మిగులుతుంది. ఎక్స్ విలువ −3 కాకూడదన్న షరతు పక్కన రాయడం మరవకండి.

గుణకారంలో ముందే తగ్గించాలా, గుణించాక తగ్గించాలా?

ముందే. 8/15 × 25/28 తీసుకోండి. గుణించాక తగ్గిద్దామనుకుంటే 200/420తో కుస్తీ పట్టాలి. ముందే చూస్తే 8, 28 రెండూ 4తో పోయి 2, 7 అవుతాయి. 25, 15 రెండూ 5తో పోయి 5, 3 అవుతాయి. మిగిలింది 2/3 × 5/7, అంటే 10/21. ఒక భిన్నపు లవం ఇంకో భిన్నపు హారంతో పోవడం గుణకారంలోనే చెల్లుతుంది. భాగహారమైతే రెండో భిన్నాన్ని తిరగేసి గుణకారంగా మార్చాక మాత్రమే కొట్టివేత మొదలుపెట్టాలి. తిరగేయక ముందే చేస్తే అంతా తారుమారవుతుంది.

కూడికలో క.సా.గు. తీసుకుంటే జవాబు దానంతటదే కనిష్ఠ రూపంలో వస్తుందా?

రావచ్చు, రాకపోవచ్చు. 1/6 + 3/10లో హారాల కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.) 30. 5/30 + 9/30 = 14/30. ఇంకా 2తో పోతుంది, 7/15. క.సా.గు. వల్ల సంఖ్యలు అదుపులో ఉంటాయి, అంతే. చివరి తనిఖీ మనమే చేయాలి. హారాలు వేరైన భిన్నాలకు క.సా.గు.తో ఉమ్మడి హారం తేవడాన్ని 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు వివరించాడు. ఆ సంస్కృత గణితాన్ని 11వ శతాబ్దంలో పద్యాల్లో తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. మన భాషలో లెక్కల పాఠం వయసు అంతన్నమాట. అప్పటి రాతలో లవం పైన, హారం కింద ఉండేవి కానీ మధ్యలో గీత లేదు.

దశాంశాన్ని భిన్నంగా ఎలా మార్చాలి?

బిందువు తర్వాత ఎన్ని అంకెలుంటే 1 పక్కన అన్ని సున్నాలు హారంగా వేసి తగ్గించండి. 0.375 అంటే 375/1000, అంటే 3/8. 2.45 అంటే 245/100, అంటే 49/20. శాతమైతే హారం 100: 35 శాతం అంటే 7/20. బిందువు పక్కనుంచే ఎడతెగకుండా తిరిగి వచ్చే దశాంశానికి, తిరిగి వచ్చే అంకెలు ఎన్నో హారంలో అన్ని తొమ్మిదులు వేస్తారు: 0.272727… అంటే 27/99, అంటే 3/11.

అయితే బిందువు కనిపించినదల్లా దశాంశం కాదు. బౌలర్ 4.3 ఓవర్లు వేశాడంటే 4 ఓవర్ల 3 బంతులు. ఓవర్‌కు ఆరు బంతులు కాబట్టి 4 3/6, అంటే నాలుగున్నర. అతను 36 పరుగులిస్తే ఓవర్‌కు 8 చొప్పున ఇచ్చినట్టు. కాలిక్యులేటర్‌లో 36ను 4.3తో భాగిస్తే 8.37 చూపిస్తుంది. తప్పు కాలిక్యులేటర్‌ది కాదు.

పొలం లెక్కలో ఈ తేడా డబ్బుతో ముడిపడినది. మన రాయలసీమలో 1.15 అంటే ఎకరా 15 సెంట్లు, అంటే 1 15/100, తగ్గిస్తే 1 3/20. తుంగభద్ర దాటి అలంపురం, గద్వాల వైపు వెళితే ఎకరానికి 40 గుంటలు. అక్కడి కాగితంలో 1.15 అంటే ఎకరా 15 గుంటలు, అంటే 1 15/40, తగ్గిస్తే 1 3/8. రాత ఒకటే, భూమి మాత్రం ఇరవై రెండున్నర సెంట్లు ఎక్కువ. కర్నూలు వాళ్లు అవతలి ఒడ్డున పొలం కొనేముందు ఈ ఒక్క భిన్నాన్ని తగ్గించి చూసుకోవాలి.

కొలతలు వేర్వేరుగా ఇస్తే?

ముందు ఒకే కొలమానంలోకి తేవాలి. 2 ఎకరాల 40 సెంట్లలో 45 సెంట్లు చీనీ (బత్తాయి) తోట అయితే ఆ వాటా 45/240, అంటే 3/16. కొలమానం కలపకుండా 45/2 అని రాసిన కాగితాలను దిద్దుతూనే ఉంటాను.

భిన్నం చూడగానే దశాంశం ముగుస్తుందో లేదో చెప్పవచ్చంటారు. నిజమేనా?

నిజమే, కానీ కనిష్ఠ రూపంలో ఉంటేనే. అప్పుడు హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేకపోతే దశాంశం ముగుస్తుంది. ఉంటే ముగియదు. 21/56 హారంలో 7 ఉంది కాబట్టి ముగియదని చెప్పేవారు బోల్తా పడతారు. తగ్గిస్తే అది 3/8. హారం 2 × 2 × 2, కాబట్టి మూడు స్థానాల్లో ముగుస్తుంది: 0.375. 7/15లో 3 మిగిలిపోయింది, 0.4666… ఆగదు.

2, 5 ఎందుకంటే మనం పదుల్లో లెక్కపెడతాం, 10 అంటే 2 × 5. పాత తెలుగు లెక్కల్లో భిన్నాలను నాలుగులతో విడగొట్టేవారు: పావు, అందులో పావు 1/16, అందులో పావు 1/64. వాటికి ప్రత్యేక అంకెలే ఉండేవి. 2008లో యూనికోడ్ వాటికి చోటిచ్చింది కాబట్టి కంప్యూటర్‌లో ఇప్పటికీ రాయవచ్చు. ఆ పద్ధతిలో 3/8 హాయిగా ముగుస్తుంది: ఒక పావు, రెండు పదహారో వంతులు. 1/5 మాత్రం ఎప్పటికీ ముగియదు, ఎందుకంటే 4లో 5కు చోటు లేదు. రూపాయికి 16 అణాలున్న కాలంలో, అంటే 1957 ఏప్రిల్ 1కి ముందు, సగం, పావు, అరపావు ఇట్టే తేలేవి. ఐదుగురికి సమంగా పంచమంటేనే చిక్కు.

ఎప్పుడూ తగ్గించే రాయాలా? తగ్గించకపోతేనే మేలైన సందర్భాలు లేవా?

ఉన్నాయి. మెకానిక్ దగ్గరి అంగుళాల స్పానర్ల సెట్ మీద ఈ వరుస ఉంటుంది: 1/2, 9/16, 5/8, 11/16, 3/4. కొత్తగా పనిలో చేరిన కుర్రవాడిని 9/16 కంటే ఒక సైజు పెద్దది తెమ్మంటే 5/8 అందుకోవాలని తట్టదు. తగ్గించకుండా రాస్తే 8/16, 9/16, 10/16, 11/16, 12/16. చిన్నపిల్లవాడు కూడా వరుస చెబుతాడు. పోల్చడానికి, కూడటానికి ఉమ్మడి హారమే సుఖం.

పంపకాలూ అంతే. ఆస్తిలో తల్లికి 1/6, పెద్దవాడికి 1/3, చిన్నవాడికి 1/2 అని కనిష్ఠ రూపాల్లో చెబితే మొత్తం సరిపోయిందో లేదో వెంటనే తెలియదు. 1/6, 2/6, 3/6 అంటే కూర్చున్నవారందరికీ అర్థమవుతుంది. పరీక్షలో 36/50 మార్కులు వచ్చిన పిల్ల ఇంటికి వెళ్లి 18/25 అని చెబితే నాన్నగారు పరీక్షే మారిపోయిందనుకుంటారు. లాటరీ చీట్లు, రంగు బంతుల సంభావ్యత లెక్కల్లోనూ చివరి మెట్టు వరకు ఉమ్మడి హారం ఉంచుకుని, జవాబు దగ్గర మాత్రమే తగ్గించమంటాను.

మరి పరీక్షలో తగ్గించకపోతే మార్కులు పోతాయా?

‘కనిష్ఠ రూపంలో రాయండి’ అని అడిగితే కచ్చితంగా పోతాయి. అడగకపోయినా తగ్గించి రాయడం క్షేమం. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పరీక్షల్లో ఆ నాలుగూ సాధారణంగా కనిష్ఠ రూపంలోనే ఇస్తారు. మీకు 42/56 వచ్చి, ఎదురుగా 3/4 ఉన్నా గుర్తుపట్టక నాలుగూ తప్పేనని కంగారుపడితే సమయం పోతుంది. రెండు భిన్నాలు సమానమో కాదో తేల్చడానికి కూడా ఇదే దారి: 18/24, 21/28 రెండూ తగ్గిస్తే 3/4 దగ్గర కలుస్తాయి. ప్రతి భిన్నానికీ కనిష్ఠ రూపం ఒక్కటే ఉంటుంది. ఇద్దరు విద్యార్థులు వేర్వేరు దారుల్లో వెళ్లి వేర్వేరు జవాబులతో వచ్చారంటే వారిలో కనీసం ఒకరు మధ్యలో ఆగిపోయి ఉండాలి, లేదా తప్పు చేసి ఉండాలి.

అపక్రమ భిన్నాన్ని ముందు తగ్గించాలా, మిశ్రమ భిన్నంగా మార్చాలా?

ఏది ముందైనా ఫలితం ఒకటే. 45/20ను ముందు తగ్గిస్తే 9/4, మారిస్తే 2 1/4. ముందు మార్చినా 2 5/20, తగ్గిస్తే అదే. నాకు మొదటిది ఇష్టం, చిన్న సంఖ్యలతో భాగహారం తేలిక.

రుణ గుర్తు ఉంటే? సున్నా ఉంటే?

గుర్తును పక్కనపెట్టి తగ్గించి, చివర ముందు పెట్టండి. హారాన్ని ధనసంఖ్యగా ఉంచడం పద్ధతి, కాబట్టి 6/−8ను −3/4 అని రాస్తాం. లవం సున్నా అయితే 0/12 అయినా 0/500 అయినా విలువ 0. హారం సున్నా అయితే అది భిన్నమే కాదు.

ఫోనులో, కంప్యూటర్‌లో చేసుకోవచ్చు కదా, ఇదంతా ఎందుకు?

చేసుకోండి, జవాబు సరిచూసుకోవడానికి మంచిదే. పైథాన్ భాషలో ఫ్రాక్షన్ అనే సాధనం ఉంది, దానికి 391, 493 ఇస్తే 23/29 అని తగ్గించి చూపుతుంది. లోపల జరిగేది పైన చెప్పిన శేషాల పద్ధతే. ఎక్సెల్‌లో మాత్రం జాగ్రత్త. గడిలో నేరుగా 3/4 కొడితే అది తేదీగా మారిపోతుంది. ముందు సున్నా, ఒక ఖాళీ, తర్వాత 3/4 కొట్టాలి. అదే తీరులో 6/8 కొడితే తానే 3/4గా చూపిస్తుంది. కానీ హారంలో ఒక అంకెకే చోటిచ్చే అమరికలో ఉంటే 23/29 లాంటి భిన్నాలను దగ్గరలోని చిన్న భిన్నంగా సవరించి చూపుతుంది. అది తగ్గించడం కాదు, ఉజ్జాయింపు.

పుస్తకంలో ఇచ్చే భిన్నాలన్నీ తగ్గుతాయి. నిజ జీవితంలో కూడా అంతేనా?

కాదు. పుస్తకం సాధన కోసం ఏరికోరి ఇస్తుంది. పెద్ద పరిధిలోంచి రెండు సంఖ్యలను గుడ్డిగా ఎంచుకుని భిన్నం చేస్తే, వందకు సుమారు 61 సార్లు అది ముందే కనిష్ఠ రూపంలో ఉంటుంది. కచ్చితమైన విలువ 6ను పై (π) వర్గంతో భాగిస్తే వచ్చేది. వృత్తాలలోని పై ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే డిగ్రీ స్థాయి గణితం కావాలి. కాబట్టి ఏ భిన్నమైనా తగ్గకపోతే కంగారుపడి మళ్లీ మళ్లీ వెతకకండి. తేడా చూడండి, అది తేల్చేస్తుంది.

మా అమ్మాయి ఆరో తరగతి. ఇంట్లో మేం ఏం చేయించాలి?

ముందు 2 నుంచి 12 వరకు ఎక్కాలు గట్టిపడాలి. తర్వాత మీ ఇంట్లోనే దొరికే భిన్నాలు ఇవ్వండి. గదికి 36 కడప బండలు పడతాయి, 27 పరిచారు, ఎన్నో వంతు పూర్తయింది? 480 చీనీ మొక్కల్లో 36 ఎండిపోయాయి, అది ఎన్నో వంతు? మొదటిదానికి 3/4, రెండోదానికి 3/40. జవాబు తప్పయితే వెంటనే దిద్దకండి. అమ్మాయి చెప్పిన భిన్నాన్నీ అసలు భిన్నాన్నీ అడ్డంగా గుణించి చూసుకోమనండి. ఎక్కడ తప్పిందో తనకే దొరుకుతుంది. రోజుకు నాలుగైదు చాలు.

సాధనకు కొన్ని లెక్కలు ఇస్తారా?

ఇవి తగ్గించండి: 45/75, 51/68, 95/114, 121/132, 144/233, 209/247, 323/437, 0.625, మన వైపు పొలం కాగితంలోని 2.05 ఎకరాలు.

జవాబులు వరుసగా: 3/5, 3/4, 5/6, 11/12, తగ్గదు, 11/13, 17/23, 5/8, 2 1/20. ఐదోది తగ్గదని తేల్చడానికి ఎక్కువ సమయం పట్టి ఉంటే అది మీ లోపం కాదు, 55/89 జాతి భిన్నమది. 209/247లో తేడా 38, 323/437లో తేడా 114. ఈ రెండింటిలోనూ దాగినది 19.